ఎండ చూసిన విత్తనాలు

తిరుపతిలో మా వీధివాళ్లకు నేనేం ఉద్యోగం చేస్తానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పక్కింటావిడ నేను పురుగుమందుల కంపెనీలో ఉన్నాననుకుంటుంది. ఆటో స్టాండులో ఒకాయన "మేడం రక్తపరీక్షలు చేస్తారు" అని ఇంకొకాయనకు చెబుతుంటే నా చెవులతో నేనే విన్నాను. మా అత్త మాత్రం పలమనేరు బస్టాండులో ఎవరు అడిగినా ఒకటే చెబుతుంది: "మా కోడలు పురుగుల్ని పెంచతాది." ఆ మాట విన్నాక జనం నన్ను రవ్వంత ఎడంగా జరిగి చూస్తారు. కానీ ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది అత్తే.

ఊరి చివర ఒక చిన్న ప్రయోగశాలలో నేను పనిచేస్తాను. వేరుశనగ, కంది, పెసర, అలసంద లాంటి మొక్కల వేర్లలో కాపురముండే సూక్ష్మజీవుల్ని గాజు బుడ్లలో పెంచుతాం. వాటిని బొగ్గుపొడిలో కలిపి పొట్లాలు కట్టి రైతులకు ఇస్తాం. రైజోబియం అంటారు ఆ జీవుల్ని. వేరుశనగ మొక్కను మెల్లగా పీకి, మట్టి దులిపి చూస్తే వేరు పొడుగునా ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. అవే వాటి ఇళ్లు. ఒక బుడిపెను గోటితో నొక్కితే లోపల ఎర్రగా ఉంటుంది, అచ్చం మన నెత్తురు రంగు. ఆ ఎరుపు ఉంటే లోపల పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇల్లుంది గానీ పొయ్యి వెలగలేదని అర్థం.

ఆ పని ఏమిటో ఎవరికైనా చెప్పాలంటే నాకు మహా సరదా. అడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. మనం పీల్చే గాలిలో అయిదు పాళ్లలో నాలుగు పాళ్లు నత్రజనే. దాంట్లో మునిగి తేలుతూ కూడా మనం ఒక్క పిసరు వాడుకోలేం, పీల్చింది పీల్చినట్టే వదిలేస్తాం. మొక్కకూ అంతే. గాలిలో నత్రజని జంటలు జంటలుగా ఉంటుంది, ఆ జంటను విడదీయడం మన ఒంటివల్లా కాదు, మొక్కవల్లా కాదు. వేరుబుడిపెలో కూర్చున్న ఈ కంటికి కనపడని జీవి విడదీస్తుంది. విడదీసి అమ్మోనియాగా మార్చి మొక్క చేతిలో పెడుతుంది. మొక్క దాన్ని వెంటనే అమైనో ఆమ్లాలుగా మార్చుకుంటుంది, వాటిని దండగా గుచ్చి మాంసకృత్తులు చేసి గింజలో దాస్తుంది. ఆ గింజ తిన్నాక మన కడుపు ఆ దండను మళ్లీ తెంపి, పూసలు పూసలుగా విడదీసి, మన కండ, మన గోరు, మన జుట్టు అల్లుకుంటుంది. ఇంత దూరం చెప్పేసరికి వినేవాళ్లు సాధారణంగా వాచీ చూసుకుంటారు. మా ఆయనైతే "క్లాసు మొదలైంది" అని టీవీ శబ్దం పెంచుతాడు.

అత్త ఒక్కతే చివరిదాకా విన్న మనిషి. అందుకే ఆమెకు మాట ఇచ్చాను, ఇచ్చి దాదాపు పరువు పోగొట్టుకున్నాను. మూడేళ్ల కిందటి సంగతి అది.

అత్త పలమనేరుకు కొంచెం దూరంలో పల్లెలో మా మరిదితో ఉంటుంది. రెండు ఆవులు, బోరు కింద రెండు కయ్యలు. ఒక్కో కయ్య ఎకరా. ఆమె కోడలిగా వచ్చిన నాటినుంచి ఆ కయ్యల్లో చెనక్కాయే, అంటే వేరుశనగే, వేసేవాళ్లు. మరిది చేతికి వ్యవసాయం వచ్చాక అంతా టమాటా అయింది. పదేళ్లు వరసగా టమాటా, కట్టెలు, తీగలు, మూటలకొద్దీ ఎరువులు. మరిది మంచి పనివాడు, అతన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ అత్త మాత్రం అంగట్లో కొన్న చెనక్కాయలతో ఊరిబిండి పచ్చడి నూరిన ప్రతిసారీ, రోటి ముందు కూర్చుని, ఆ ప్లాస్టిక్ కవర్ని చూసి ముఖం ముడుచుకునేది. "మన కయ్యలో పండేదాన్ని కొనుక్కోని తింటా ఉండాము పాపా, సిగ్గుగా ఉండాది," అనేది నాతో. కొడుకుతో అనేది కాదు.

ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు నేను ఆ మాటను మరిది ముందు పెట్టాను. పెద్ద చర్చే జరిగింది. చివరికి మరిది పై కయ్యను ఒక్క కారుకు, అంటే ఒక పంటకాలానికి, అత్తకు వదిలాడు.

"ఈ కారు నీది మా. చెనక్కాయ వస్తే నీ మాట. రాకపోతే మళ్ల టమాటానే, ఇంక అడగగూడదు," అన్నాడు.

అత్త ముఖం చూసి నాకు ఉత్సాహం ఆగలేదు. "యూరియా మూట కూడా వద్దప్పా, గాలిలోంచే ఎరువు తెప్పిస్తా," అని బడాయికి పోయాను. మరిది నవ్వాడు. పదేళ్లు టమాటా పండిన నేలలో చెనక్కాయ వేర్లకు కావలసిన జీవులు పెద్దగా మిగిలి ఉండవు, బయటినుంచి ఇస్తేనే మంచిదని నాకు తెలుసు. ఇచ్చేది నేనే కదా అని ధీమా.

జూన్ వానలు పడ్డాయి. ఆ వారం మా దగ్గర అచ్చు వేసిన పొట్లాలు అయిపోయాయి. డబ్బాలోంచి తాజా పొడి తీసి మామూలు తెల్ల కవర్లో పోసి, పలమనేరు వెళ్లే తెలిసినవాళ్ల చేత పంపాను. విత్తడానికి ముందురోజు ఫోన్‌లో అత్తకు అంతా వివరంగా చెప్పాను. బెల్లంనీళ్లు కాచి బాగా చల్లార్చాలి. పొడి అందులో కలపాలి. గింజల మీద పోసి, పైపొర ఊడకుండా అరచేతులతో మెల్లగా పట్టించాలి. ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి.

"వేడి మీద కలిపితే చచ్చిపోతాయి అత్తా, ప్రాణమున్నవి," అన్నాను.

"నాకు తెలీదా? నలభయ్యేండ్లుగా పాలకు తోడేసే దాన్ని నేను," అంది.

ఆ మాటకు నేను ఎంత మురిసిపోయానంటే మర్నాడు ప్రయోగశాలలో అందరికీ చెప్పాను. మనం చదివి నేర్చుకున్నది ఆమె పాలకుండ దగ్గర నేర్చుకుందని, ఇలాంటి రైతు ఒక్కరున్నా చాలని. మురిసిపోవడంలో ఉన్నాను గానీ, నేను చెప్పిన వరసలో ఒక మాట లేదని నాకు తట్టలేదు.

మూడు వారాలు దాటాక అత్త వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఆమె పంపే ప్రతి ఫోటోలోనూ ఒక మూల ఆమె బొటనవేలు ఉంటుంది. ఆ వేలి పక్కన కనిపించిన మొక్కల ఆకులు లేత పసుపు. కింది ఆకులు మరీ పాలిపోయి ఉన్నాయి. నేను ఫోటో పెద్దది చేసి, చిన్నది చేసి, వెలుతురు వల్లనేమో అని నాకు నేను చెప్పుకుని, ఆ ఆదివారం బస్సెక్కాను. మా ఆయనకు డ్యూటీ. ఒక్కదాన్నే వెళ్లాను.

చిత్తూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చల్లగాలి తగిలితే మామూలుగా నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు మాత్రం కిటికీలోంచి కనిపించిన ప్రతి చేనునూ మా కయ్యతో పోల్చుకుంటూ పోయాను. అన్నీ మా దానికన్నా పచ్చగానే ఉన్నాయి.

కయ్య దగ్గరికి వెళ్లేసరికి మరిది బండి గట్టు మీద ఆపి ఉంది. వెనక సీటుకు యూరియా మూట కట్టి ఉంది. అత్త కయ్య మధ్యలో కలుపు తీస్తోంది. నన్ను చూసి లేచింది గానీ ఎప్పటిలా ఎదురు రాలేదు. నేను చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి దిగి, చిన్న పారతో ఒక మొక్కను మట్టితో సహా లేపాను. వేరు బోసిగా ఉంది. రెండోది లేపాను. రెండే బుడిపెలు, నొక్కితే లోపల తెలుపు. ఆరేడు చోట్ల చూశాను. అంతటా అదే తంతు.

"ఏం వదినా, గాలిలో ఎరువు దిగలేదా?" అన్నాడు మరిది. ఎకసెక్కం కాదు, అతనికీ బాధగానే ఉంది. "అమ్మే యాడో తప్పు చేసింటాది. ఆమెకు వయసైపాయె, చెప్పింది చెప్పినట్టు చేసేది కష్టం."

అత్త కొడవలి చేతిలో తిప్పుతూ నా వైపు చూసింది. "సల్లార్చినా పాపా. ఏలు పెట్టి సూసినాకే పోసినా. ఏమో మరి, నేనే రవంత తొందరపడినానేమో," అంది. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆవుల వ్యాపారిని సైతం గడగడలాడించే మనిషి.

నేను కయ్య అంచు వెంబడి నడిచాను. తూర్పు గట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. చివరి నాలుగు సాళ్లు ముదురు పచ్చగా ఉన్నాయి. పక్క సాలుకూ వాటికీ మధ్య గీత గీసినట్టుంది. ఒక మొక్కను లేపాను. వేరంతా బుడిపెలు. నొక్కితే నా గోరు ఎర్రబడింది.

"అత్తా, ఈ నాలుగు సాళ్లలో వేరే గింజలు వేశారా?"

అత్త వచ్చి చూసింది. "వేరేవి యాడియి? అన్నీ ఒగటే. ఇవి అన్నిటికన్నా కడాపట్న ఏసిన గంపవి. మిద్దె మీద తావు చాలకపాయె, ఆ గంప ఆవుల కొట్టంలోనే పెట్టింటిమి."

"మిగిలినవి మిద్దె మీద పెట్టారా?"

"మరి యాడ పెట్టేది? పొద్దున్నే నీ పొడి కలిపి, మిద్దె మీద పట్ట పరిచి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండ సూపించినాము. ఇత్తనానికి ఎండ సూపించకుండా ఎవురన్నా ఏస్తారా?"

నాకంతా అర్థమైపోయింది. ఆ వైపు ఊళ్లలో ఏ గింజైనా మట్టిలో పడేముందు ఎండలో పడాలి. రాగులైనా, అనపగింజలైనా, చెనక్కాయలైనా సరే, అది పెద్దలనాటి పద్ధతి. మిద్దె మీద కాలు పెట్టలేనంత వేడిలో నాలుగైదు గంటలు! గింజకేం కాదు. గింజ మీద పల్చగా అంటుకున్న నా జీవులు మాత్రం ఒక్కటి కూడా మిగలవు. చల్లారబెట్టమని చెప్పాను, మెల్లగా కలపమని చెప్పాను, ఆరబెట్టమని కూడా చెప్పాను. నీడలో అని చెప్పలేదు. మా పనంతా కప్పు కిందే జరుగుతుంది, ఆరబెట్టడమంటే నాకు నీడే. అత్తకు ఆరబెట్టడమంటే ఎండే. అచ్చు పొట్లమైతే వెనకాల ఆ మాట రాసి ఉండేది, ఎవరో ఒకరు చదివి వినిపించేవాళ్లు. నేను తెల్లకవర్లో పోసి పంపాను.

"ఏం తేలింది వదినా?" దూరం నుంచి మరిది కేకేశాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నేను వెంటనే జవాబివ్వలేదు. "ఎండలో పెట్టారు" అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు. తప్పు అత్త మీదికి పోతుంది, నా చదువు, నా ప్రయోగశాల, నా బడాయి అన్నీ క్షేమంగా ఉంటాయి. అత్త ఎలాగూ తనదే తప్పనుకోవడానికి సిద్ధంగా ఉంది. ఓ గ్లాసు మజ్జిగ తాగేంత సేపు నేను అలా నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత మరిది దగ్గరికి నడిచి, "తప్పు నాదే," అన్నాను. "నీడలో ఆరబెట్టాలని నేను చెప్పలేదు. అత్త నేను చెప్పిందంతా చేసింది. చెప్పనిది ఎట్లా చేస్తుంది?"

మరిది బండి మీది మూట వైపు చూపించాడు. "ఎవురి తప్పయితే ఏమి వదినా, పైరుకు తెలుస్తాదా? మూట యూరియా సల్లితే నాలుగు దినాలకు నల్లపచ్చగా తిరుగుతాది," అన్నాడు.

"తిరుగుతుంది. కానీ ఆకు ఏపుగా పోతుంది. వేరుకు తిండి బయటే దొరికితే ఈ జీవుల్ని ఇంట్లోకి రానివ్వదు మొక్క. నాకు ఇరవై రోజులు టైమివ్వు. పొడి మళ్లీ తెస్తాను, ఈసారి గింజకు కాదు, నేలకే ఇద్దాం."

"ఇరవై దినాలకు అదీ పోతే?"

ఆలస్యంగా వేసిన పొడి పట్టవచ్చు, పట్టకపోవచ్చు. అదే చెప్పాను. అప్పుడు అత్త మాట్లాడింది, తన మామూలు గొంతుతో.

"మూట దించు. దించి కొట్టంలో పెట్టు. కారు నాది గదా, నేను చెప్తా ఉండా."

మరిది నవ్వాపుకుంటూ మూట తాడు విప్పాడు. "సరే మా, ఇరవై దినాలు. అప్పటికీ పచ్చబడకపోతే పెరికేసి టమాటా నాటేస్తా. నారు కూడా చెప్పి పెట్టేసినా," అన్నాడు.

మధ్యాహ్నం అత్త నాకూ మరిదికీ రాగిసంగటి ముద్ద, కందిపప్పు పెట్టింది. సిగ్గుతో నాకు ముద్ద దిగలేదు. అది చూసి అత్త, బహుశా నన్ను మామూలు మనిషిని చేయడానికే, "ఏమి పాపా, ఈ పొద్దు కత చెప్పవా? ఈ సంగట్లో ఏముండాది?" అంది. అలా అడిగితే నేను ఊరుకోగలనా? రాగిలో ఒక రకం అమైనో ఆమ్లం బాగా ఉంటుందని, ఇంకొకటి తక్కువని, ఆ తక్కువైనది పప్పులో దండిగా ఉంటుందని, పప్పుకు కొదవైంది రాగిలో ఉంటుందని, రెండూ కలిపి తింటే ఒంటికి కావలసినవన్నీ అందుతాయని చెప్పాను. మన ఒంటికి తనంతట తాను చేసుకోలేని అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయని, వాటిని మొక్క నుంచి తెచ్చుకోవాల్సిందేనని, మొక్కేమో నత్రజని కోసం ఆ వేరులోని జీవిని అడుక్కోవాల్సిందేనని కూడా చెప్పాను.

"మరి దానికేమిస్తాది మొక్క? ఊరికే చేస్తాదా పని?"

"ఆకులో తయారుచేసుకున్న చక్కెర పెడుతుంది అత్తా."

"కూలోళ్లకు సంగటి పెట్టినట్ల," అంది అత్త. "నీ కూలోళ్లు ఎండకు పనికిరారు, అంతే గదా."

ముగ్గురం నవ్వాం. నాకు ఆకలేసింది. రెండో ముద్ద కూడా తిన్నాను.

రెండు రోజుల తర్వాత సెలవు పెట్టి పొడి తీసుకుని మళ్లీ బయల్దేరాను. ఈసారి తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకున్నాను. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మారుతోంది. నేను కూడా మారాను. మూడోసారి సీటు మారేసరికి కండక్టరు విసుక్కున్నాడు. "ఒక తావున కూర్చోమ్మా, ఏముండాది ఆ సంచిలో, చంటిబిడ్డా?" అన్నాడు. దాదాపు అంతే అని చెబితే అతనికీ క్లాసు చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలా నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

బాగా మాగిన దిబ్బ ఎరువును అత్త జల్లెడ పట్టి పెట్టింది. దాంట్లో పొడి కలిపి, కొంచెం తడిపి, కొట్టం నీడలోనే కప్పి ఉంచాం. పొద్దు వాలాక సాళ్ల పక్కన చల్లుకుంటూ పోయాం, మరిది వెనకాలే మట్టి కప్పుకుంటూ వచ్చాడు. అత్త ప్రతి గంపా ఎత్తేముందు ఆకాశం వైపు చూసి, "పొద్దు ఉండాదా పోయిందా?" అని నన్ను అడిగేది. ఎగతాళికే అడిగింది. నాలుగోసారి అడిగాక నాకు రోషం వచ్చి, "నీకు కనపడటం లేదా?" అన్నాను. "నాకు కనపడతాది, నువ్వు చెప్పాల గదా," అంది. మరిది పార కింద పెట్టి మరీ నవ్వాడు. మర్నాడు తెల్లవారాక వాన పడింది, ఎక్కువా కాదు తక్కువా కాదు, ఎవరో కొలిచి పోసినట్టుగా.

ఆ తర్వాత రోజూ పొద్దున ఏడుగంటలకు ఫోటో వచ్చేది. పసుపు ఆకులు, పక్కన బొటనవేలు. వారమైనా పసుపే. పది రోజులకూ పసుపే. నేను అన్నం తింటూ చూసేదాన్ని, పని మధ్యలో చూసేదాన్ని. ఇంకో మనిషి ఇష్టంగా పెట్టుకున్న ఆశ నా చేతిలో ఉందన్న బరువు ఏమిటో నాకు ఆ రోజుల్లో తెలిసింది. అంతకు ముందు ఎన్ని వందల పొట్లాలు కట్టి ఉంటాను! కట్టి పంపాక ఎవరి కయ్య ఏమైందో ఎప్పుడైనా అడిగానా అంటే, లేదు. పదిహేనో రోజు ఫోటోలో కొస చివుళ్లు కొంచెం వేరుగా కనిపించాయి. నమ్మలేదు. పదిహేడో రోజు ఫోటో రాలేదు. మధ్యాహ్నం అత్త గొంతు వచ్చింది వాయిస్ మెసేజ్‌లో, ఊపిరి ఆడక: "పాపా, ఫోన్లో చార్జింగ్ ల్యా. పచ్చబడతా ఉండాది. వచ్చి సూసుకో."

ఇరవయ్యో రోజు నేను కయ్యలో ఉన్నాను. పాత ఆకులు ఇంకా పాలిపోయే ఉన్నాయి, కానీ పైన కొత్తాకు ముదురు పచ్చ. అడుగున పసుపు పూలు, ఊడలు నేలలోకి దిగుతున్నాయి. నేను వంగబోతే మరిది ముందుగా ఒక మొక్క లేపాడు. మట్టి దులిపాడు. తనే ఒక బుడిపె గిల్లి గోటితో నొక్కాడు. ఎర్రబడిన వేలిని కాసేపు చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

"నెత్తురు మాదిరే ఉండాదే," అన్నాడు మెల్లగా. ఆ రోజు సాయంత్రం టమాటా నారు చెప్పినవాళ్లకు ఫోన్ చేసి వేరే ఎవరికైనా ఇచ్చుకోమన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అత్త మాత్రం సంతోషాన్ని ఎవరికీ కనపడనివ్వకుండా ఆవుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది.

పంట గొప్పగా వచ్చిందని చెప్పను. మొదట్లో ఆకలితో గడిపిన పైరు కదా, తూర్పు నాలుగు సాళ్లలో కాసినంత మిగతా చోట కాయలేదు. కానీ వచ్చింది. చెట్లు పీకే రోజు నేనూ, మా ఆయనా వెళ్లాం. కయ్యంతా పచ్చి చెనక్కాయ వాసన, మట్టి వాసన. అత్త పెద్ద గిన్నెలో ఉప్పు వేసి కాయలు ఉడకబెట్టింది. గట్టు మీద కూర్చుని ఒలుచుకు తింటూ, మా ఆయన కూడా క్లాసు చెప్పమన్నాడు, మొదటిసారి. ఏం చెప్పానో నాకు గుర్తులేదు, నోటినిండా కాయలే. ఆ రోజు అత్త తన సొంత చెనక్కాయలతో ఊరిబిండి నూరింది. ఆమె ముఖం చూశాను. ఇంక వేరే చెప్పక్కర్లేదు.

మరిది ఆ పై కయ్యలో మళ్లీ టమాటానే నాటాడు. మాట తప్పాడేమో అనుకున్నాను. చెట్లు పీకినా తెగిన వేర్లు, రాలిన ఆకు ఆ నేలలోనే ఉన్నాయి కదా, వాటి బలం టమాటాకు అందుతుందని నేనే ఒకప్పుడు అతనికి చెప్పిన సంగతి నాకే గుర్తులేదు. అతను గుర్తుపెట్టుకున్నాడు. టమాటా నిండా కాసింది. జూన్ దగ్గరపడ్డాక అత్తతో అన్నాడట: "కింది కయ్య నువ్వేసుకో మా. వచ్చే ఏడు పై కయ్య. ఏడాది నాది, ఏడాది నీది, మార్చుకుందాము." ఒక్క కారుకు అడిగిన మనిషికి ఏటేటా ఒక కయ్య దక్కింది.

ఆ వారమే అత్త నాకు ఫోన్ చేసింది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను: బెల్లంనీళ్లు, చల్లార్చడం, మెల్లగా కలపడం, నీడలో ఆరబెట్టడం, నీడలో అని మూడుసార్లు.

"అవన్నీ నాకు తెల్సులే," అని అడ్డుకుంది అత్త. "నువ్వు ఏం చెప్పేది మర్చిపోతావో అది చెప్పు."

నేను ఆలోచించి, గుర్తొచ్చినవన్నీ చెప్పాను. పొడిని కిటికీ పక్కన పెట్టకూడదని, పురుగుమందు తగిలిన చేటలో వేయకూడదని. చెప్పి చెప్పి, "నేను చెప్పలేదంటే నీకు తెలుసనుకున్నానని అర్థం అత్తా. సందేహమొస్తే అడుగు," అన్నాను.

"నేను అడుగుతా లేమ్మా. నువ్వు కూడా అడగాల గదా," అంది. గొంతులో కోపం లేదు. "పోయిన తూరి అంత జరిగె. ఇత్తనానికి ఎండ ఎందుకు సూపిస్తామని నువ్వు నన్ను ఒక్కసారన్నా అడిగినావా?"

అడగలేదు. పదిహేనేళ్లుగా ఆమెకు గాలి గురించి, వేరు గురించి, సంగటి గురించి చెబుతూనే ఉన్నాను, ఆమె వింటూనే ఉంది. నేను ఒక్కటీ అడగలేదు.

ఆ రోజు అడిగాను. మిద్దె మీద ఎండకు గింజలోని పురుగు గుడ్డు చచ్చిపోతుందని, చెమ్మ దిగుతుందని, పుచ్చుగింజ తేలికై చేటలో తేలిపోతుందని, మంచిదీ చెడ్డదీ ఎండలోనే తెలుస్తుందని చెప్పింది. పొడి కలపకముందే, ఒకరోజు ముందుగా ఉత్త గింజకు ఎండ చూపించి, మర్నాడు నా పొడి పట్టించి కొట్టంలో పెడితే రెండు పనులూ అవుతాయి కదా అంది. అవుతాయి. మా ప్రయోగశాలలో ఎవరికీ తట్టని సంగతి. నేను కాగితం, పెన్ను తెచ్చుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం మొదలుపెట్టాను.